వంకర గుల్లది ఏ వంశం?

సాలగ్రామాల్లో కనిపించే చక్రం అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల ముద్ర. వాటిలో చాలావాటి గుల్ల చదునుగా, వరస తప్పకుండా చుట్టుకుని ఉంటుంది. 1904లో జపాన్ శాస్త్రవేత్త హిసకత్సు యాబె వర్ణించిన హొక్కైడో శిలాజం మాత్రం చేయి తిరగనివాళ్లు వత్తిన జంతికలా ఉంది. ఆయన దానికి నిప్పోనైటిస్ మిరబిలిస్ అని పేరు పెట్టారు.

అప్పటికి ఉన్నది ఒక్క నమూనా. పెరుగుదలలో లోపం వచ్చి వంకరపోయిన గుల్లేమోనన్న అనుమానం సహజమే. పైగా, వంశం ముసలిదై నశించబోయే ముందు గుల్లలు ఇలా రూపు చెడతాయన్న వాదం అప్పట్లో గట్టిగానే ఉండేది.

మొదటి ఆధారం హొక్కైడోలోనే దొరికింది. తరవాత బయటపడ్డ నమూనాల్లోనూ అవే వంపులు. మొదట చిన్న చుట్ట, ఆపైన దాని చుట్టూ పైకీ కిందికీ తిరిగే యూ ఆకారపు మలుపులు. లోపమైతే ఇన్ని గుల్లల్లో ఇంత క్రమంగా రాదు.

రెండోది, గుల్ల మీది సన్నటి గీరలు. దాదాపు అలాంటివే యూబోస్ట్రికోసెరాస్ జపోనికమ్ మీదా ఉన్నాయి. అదీ హొక్కైడోదే, కాలమూ దగ్గరిదే. కానీ దాని గుల్ల మరమేకులా మెలితిరిగి ఉంటుంది. చుట్టరికం ఉందనుకున్నా, మెలికకూ మలుపులకూ మధ్య రూపం ఏది?

జవాబు 1988లో శాస్త్రవేత్త తకాషి ఒకమోతో చేసిన కంప్యూటర్ లెక్కల్లో దొరికింది. గుల్ల ఎడమకు, కుడికి, లేదా ఒకే తలంలో చుట్టుకోగలదు. నీటిలో తేలుతున్నప్పుడు నోరు మరీ పైకో కిందికో వాలితే, చుట్టే తీరు మారి వాలు సర్దుకుంటుంది. ఈ నియమం పెట్టగానే తెర మీద నిప్పోనైటిస్ పెరిగింది. అనుమతించే కోణాన్ని కాస్త మారిస్తే మరమేకు రూపం వచ్చింది. అంటే మధ్య రూపాలు లేకుండానే ఒకదాన్నుంచి మరొకటి పుట్టి ఉండవచ్చు.

ఈ రెండూ నోస్టోసెరాటిడే కుటుంబానివే. 1894లో దాన్ని ఏర్పరచిన ఆల్ఫియస్ హయాట్, వంశాలకు ముసలితనం వస్తుందని నమ్మినవారిలో ముఖ్యుడు. నిప్పోనైటిస్ కాలం సుమారు 9 కోట్ల ఏళ్ల కిందటిది. వంకర గుల్లల అమ్మోనైట్లు ఆ తరవాత కూడా 2 కోట్ల ఏళ్లకు పైగా, క్రిటేషియస్ యుగం చివరిదాకా బతికాయి. ముసలితనం వాదం అక్కడే వీగిపోయింది.