వాక్పారుష్యము: సత్యము రక్ష యగునా?

పరుల దోషమును ప్రకటించి, నిలదీసినపుడు "నేను పలికినది సత్యమే కదా" యనుట లోకమున సామాన్యము. ఈ సమాధానము న్యాయసభలో ఎంతవరకు చెల్లునో మన ధర్మశాస్త్రకారులు సూక్ష్మముగా విచారించిరి.

అష్టాదశ వ్యవహారపదములలో వాక్పారుష్యమొకటి. నారదుడు దానిని నిష్ఠురము, అశ్లీలము, తీవ్రము అని త్రివిధముగా విభజించెను. ఏకాక్షుని ఏకాక్షుడని, కుంటివానిని కుంటివాడని పిలిచినవాడు సత్యవాది యైనను, కనీసము ఒక కార్షాపణము దండముగా చెల్లింపవలెనని మనువు విధించెను. వికలాంగులను, రోగులను సత్యముచే గాని, అసత్యముచే గాని, వ్యాజస్తుతిచే గాని ఆక్షేపించినవానికి యాజ్ఞవల్క్యుడు పన్నెండున్నర పణముల దండమును నిర్ణయించెను. కౌటిల్యుడు తారతమ్యమును పాటించెను: నింద సత్యమైనచో 3 పణములు, మిథ్య యైనచో 6, అంధుని "ఎంత చక్కని కన్నులు" అని ఎగతాళిగా పొగడినచో 12. ప్రమాదము, మదము, మోహము కారణమైనచో దండము సగమగును. అనగా సత్యము దండమును తగ్గించును గాని దోషమును తుడిచివేయదు.

నారదుడు మరియొక అడుగు ముందుకు వేసెను. శాస్త్రోక్త ప్రాయశ్చిత్తముచే పరిశుద్ధుడైనవానిని, రాజదండమును అనుభవించినవానిని పూర్వపాపముతో దూషింపరాదు, దూషించినవాడు దండార్హుడు. శుద్ధి పొందినవానికి తిరిగి గౌరవముగా జీవించు హక్కు కలదని దీని భావము.

ఆంగ్ల న్యాయపద్ధతి వేరొక మార్గమున నడచెను. 1862లో బొంబాయి సుప్రీం కోర్టున విచారింపబడిన మహారాజ్ వ్యాజ్యము ఇందుకు ప్రసిద్ధోదాహరణము. పుష్టిమార్గ పీఠస్థులైన జదునాథ్‌జీ మహారాజు, "సత్యప్రకాశ్" పత్రికలో తమ నడవడిని విమర్శించిన కర్సన్‌దాస్ ముల్జీపై పరువునష్టపు దావా వేసిరి. ఆ సంప్రదాయ ప్రవర్తకులైన వల్లభాచార్యులు వెలనాటి తెలుగు బ్రాహ్మణ వంశజులగుటచే ఈ కథ మనకు దూరమైనది కాదు. ప్రతివాది తన వ్రాతలు సత్యములని సాక్షులచే నిరూపింప పూనుకొనెను. ఆ సత్యమే అతనిని కాపాడెను. పీఠగౌరవము సాక్ష్యమునకు అడ్డు నిలువలేదు, నిలువకుండుటయే ధర్మము.

ఆ 1862 జనవరి 1వ తేదీననే అమలులోనికి వచ్చిన భారత శిక్షాస్మృతి 499వ విభాగము ఈ రెండు మార్గముల నడుమ నిలిచినది. దాని పది మినహాయింపులలో మొదటిది కేవల సత్యమును అంగీకరింపదు. ఆ సత్యమును ప్రకటించుట లోకహితమునకు అవసరమై యుండవలెను. ప్రజాసేవకుల నడవడిపై, గ్రంథముల గుణదోషములపై సద్బుద్ధితో చేసిన విమర్శకును, ఎదుటివారి మేలుకై సద్బుద్ధితో చేసిన హెచ్చరికకును రక్ష కలదు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ విభాగమున కూడ ఈ సూత్రము నిలిచియున్నది.

గీతాచార్యుడు వాఙ్మయ తపస్సును నిర్వచించుచు సత్యమునకు తోడుగా హితమును చేర్చెను. పీఠాధిపతి దోషమును బయలుపరచిన సత్యమున లోకహితము కలదు; అంధుని అంధుడని పిలిచిన సత్యమున ఎవ్వరి హితమును లేదు. కావున నోరు విప్పుటకు పూర్వము "ఇది సత్యమా?" అని ప్రశ్నించుకొనుట సగము విచారణయే. "దీనివలన ఎవరికి మేలు?" అను ప్రశ్నతో గాని అది పూర్తి కాదు.