ముసలి పులులకు ఆశ్రయం: చంద్రపూర్ చరిత్ర

బ్రిటిష్ పాలనలో చాందా అని పిలిచిన, నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్ అడవుల్లో మనుషులపై పడే పులికి వేటే పరిష్కారం. చంపినవారికి ప్రభుత్వం బహుమానం కూడా ఇచ్చేది. అక్కడి తాడోబా అడవి 1955లో జాతీయ ఉద్యానవనమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులుల వేటను నిషేధించింది. మనుషులకు ప్రాణాపాయం కలిగించే, లేదా కోలుకోలేని జబ్బుపడిన జంతువు విషయంలో మాత్రం రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ఉత్తర్వు ఉంటేనే వేటకు అనుమతించింది. తాడోబా, దాని పక్కనున్న అంధారి కలిసి 1995లో పులుల అభయారణ్యమయ్యాయి.

వయసు మళ్లిన మగపులిని బలమైన పులులు తరిమేస్తాయి. కోరలు అరిగి, గాయాలతో అది ఊళ్ల అంచుకు చేరి పశువుల మీద పడుతుంది. అలాంటివాటిని మత్తుమందుతో పట్టి, చంద్రపూర్‌లో చికిత్స చేస్తారు. అడవికి తిరిగి పంపలేనివాటిని నాగపూర్ దగ్గరి గోరెవాడ కేంద్రానికి తరలిస్తారు. అక్కడి జంతు ప్రదర్శనశాల 2021లో ప్రారంభమైంది.

తెలుగునాట అడవికి పంపలేని మృగాలను పోషించే బాధ్యత సర్కస్ మృగాలతో వచ్చింది. 1998లో కేంద్రం పులులు, సింహాల ప్రదర్శనను నిషేధించాక, సర్కస్‌ల నుంచి తెచ్చినవాటికి విశాఖపట్నం, తిరుపతి జూల రక్షణ కేంద్రాలు ఆశ్రయమిచ్చాయి. సంతతి పెరగనివ్వకుండా, వాటిని చివరిదాకా పోషించడమే ఈ కేంద్రాల పద్ధతి అయింది.