లాంతరు గ్లాసు నుంచి కిటికీ అద్దం దాకా

ధర్మవరంలో మా ఇంటి కిటికీకి గాజు పలకలు బిగించింది 1984లో. అంతకుముందు ఉన్నవి చెక్క రెక్కలే. వాటిని తెరిస్తే వెలుతురుతో పాటు గాలీ, దుమ్మూ వచ్చి మగ్గం మీద పడేవి. మూస్తే చీకటి. అనంతపురం సీమలో వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆషాఢం గాలికి పట్టు పోగులు చెదురుతాయి, సన్నటి మట్టి పడితే లేత రంగులు మాసిపోతాయి. అంతకన్నా పాత మట్టిమిద్దెల్లో ఇంటి నడుమ పైకప్పులో గవాచి ఉండేది, సంస్కృతంలోని గవాక్షమే. వానొస్తే దానికీ మూత పెట్టాల్సిందే. వెలుతురు రావాలి, గాలి రాకూడదు. నేత ఇంటికి కావలసింది అదొక్కటే, అది చేయగలిగింది గాజు ఒక్కటే.

గాజు మన ఊళ్ల కిటికీల దాకా రావడానికి చాలాకాలం పట్టింది. ఇంగ్లండులోనే 1845 దాకా గాజు మీద సుంకం ఉండేది. కిటికీలు లెక్కపెట్టి వేసే పన్ను 1696లో మొదలై 1851లో గానీ పోలేదు. లండన్‌లో గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టిందీ ఆ 1851లోనే. మా అవ్వ అయితే గాజు కిటికీని మొట్టమొదట చూసింది రైలుపెట్టెలోనట.

కానీ గాజును తుడవడం ఆమెకు కొత్త కాదు. లాంతరు ఉన్న ఇంట్లో పొద్దుగూకే ముందు గ్లాసు తుడవడం పిల్లల పని. మహారాష్ట్రలో 1916లో మొదలైన ఓగలే గ్లాస్ వర్క్స్ లాంటి చోట్ల దేశీయంగా లాంతర్లు తయారయ్యాక ఆ పని ఇంకా ఎక్కువ ఇళ్లకు పాకి ఉంటుంది. పొయ్యిలోని బూడిదను జల్లించి, పాత పంచె ముక్కకు అద్ది, గ్లాసు లోపలికి చెయ్యి పెట్టి తిప్పాలి. పెద్దవాళ్ల చెయ్యి దూరదు, అందుకే పిల్లలు. అవ్వ పెట్టిన షరతు ఒకటే: "నీళ్లు తగలనీయొద్దురా, చారలు పడతాయి." తడి గ్లాసు వేడికి పగులుతుందన్న భయం కూడా ఉండేదేమో. మసి పొడిగా ఉంటుంది, బూడిద దాన్నీ దానితో ఉన్న జిడ్డునూ పట్టుకొస్తుంది. లాంతరుకు ఇంతకన్నా మంచి పద్ధతి లేదని ఇప్పటికీ అనుకుంటాను.

కిటికీకి అద్దాలు రాగానే మేమూ అదే బూడిద పట్టుకున్నాం. అక్కడే దెబ్బ తిన్నాం. కిటికీ మీద ఉండేది మసి కాదు, వీధి మట్టి. అందులో ఇసక రేణువులుంటాయి. పొడిగుడ్డతో రుద్దితే ఆ రేణువులే గాజును గీస్తాయి. నెల తిరక్కుండానే ఎండ పడినప్పుడు వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. దాంతో బట్టల సబ్బూ, బోరు నీళ్లూ మొదలుపెట్టాం. అది ఇంకా ఘోరం.

మా బోర్లలో వచ్చేది ఉప్పు నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు బాగా కరిగి ఉన్న కఠినజలం. అద్దం మీద నీళ్లు ఆరిపోతాయి గానీ ఉప్పులు ఆరవు. తెల్లటి చారలై మిగిలిపోతాయి. ఆ నీళ్లలో సబ్బు వేస్తే నురగ రాకపోగా, సబ్బులోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి జిడ్డు తెట్టె కడతాయి. అంటే మేము శుభ్రం చేస్తున్నామనుకుని వారం వారం అద్దానికి ఒక పూత పూస్తున్నామన్నమాట.

ఆ పూత వల్లే ఒక చీర పోయింది. అంచులోకి పేక నూలు అయిపోతే నాయన కొత్తగా అద్దకం అయివచ్చిన కట్టను తెచ్చి, కిటికీ దగ్గర పాతదాని పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే ఎరుపనిపించింది. షావుకారు ఇంటి అరుగు మీద, ఎండలో, చీర విప్పితే మూర పొడవున అంచు వేరే రంగు. కూలిలో సగం కోసేశాడు. మబ్బు పట్టిన అద్దం వెలుతుర్ని చెదరగొడుతుంది, దగ్గర దగ్గర రంగుల తేడాను మింగేస్తుంది. నాయన ఎవర్నీ ఏమీ అనలేదు. అద్దాలు తుడిచేది మాత్రం నేనే.

అప్పట్నుంచి నాకిదొక పిచ్చి అయింది. బజారులో నీలం రంగు ద్రవం సీసాలు దొరికాక కొన్నాను. ఈ రకం ద్రవాల్లో పేరుమోసిన విండెక్స్ అమెరికాలో 1933లో వచ్చింది. ఇలాంటి వాటిలో అమ్మోనియానో, ఆల్కహాలు జాతి ద్రావకాలో ఉంటాయి. వేలిముద్రల జిడ్డును కరిగించి, తాము ఆవిరైపోతాయి, వెనక ఏమీ మిగల్చవు. అయితే ఉప్పు పొర మీద అమ్మోనియా ఉన్న సీసా దాదాపు పనికిరాదు. అమ్మోనియా క్షారం. కాల్షియం కార్బొనేటును కరిగించాలంటే ఆమ్లం కావాలి. వెనిగరు సగం, నీళ్లు సగం కలిపి గుడ్డ తడిపి అద్దానికి పది నిమిషాలు అంటించి ఉంచితే పొర మెత్తబడి వస్తుంది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమే మనకు ఇది తట్టకపోవడం విచిత్రమే. మొండి పొర అయితే రెండు మూడుసార్లు చేయాలి. ఏళ్లు గడిస్తే పొర గాజునే తినేస్తుంది, దానికి మందు లేదు. ఆ వెనిగరు నాపరాయి కిటికీ గడప మీద మాత్రం పడనీయకండి, రాయి కూడా కరుగుతుంది.

ఇక పనిముట్టు. చాలాకాలం పాత దినపత్రిక వాడాను. నీళ్లు పీలుస్తుంది, నూగు వదలదు, కాకపోతే చేతులు నల్లబడతాయి, కిటికీ చట్రం తెల్లరంగుదైతే అదీ నల్లబడుతుంది. చివరికి నేను స్థిరపడింది రబ్బరు వైపరు దగ్గర. ఇటలీ నుంచి అమెరికా వెళ్లి ఓక్లండ్‌లో కిటికీలు కడిగి బతికిన ఎట్టోరే స్టెక్కోనే, అప్పటి బరువైన ఉక్కు వైపరుతో విసిగి, ఒకే రబ్బరు అంచుతో తేలికైన ఇత్తడి వైపరు చేసి 1936లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు దాని పిల్లలే. కిటికీలు కడిగేవాడి చేతి నొప్పిలోంచి పుట్టిన పనిముట్టు కాబట్టి నాకు దానిమీద గౌరవం. గుడ్డ నీటిని పరిచి ఆరబెడుతుంది, వైపరు నీటిని లాగేస్తుంది. నీళ్లు ఆరడానికి వీల్లేకపోతే ఉప్పు మిగలడానికీ వీల్లేదు. రబ్బరు అంచుకు చిన్న గాటు పడినా గీత మిగులుతుంది, అప్పుడు రబ్బరు మార్చాల్సిందే.

మందు సంగతి కన్నా నీళ్ల సంగతి ముఖ్యమని నాకు అర్థమయ్యేసరికి ఇరవై ఏళ్లు పట్టింది. ఇప్పుడు బకెట్ వాన నీళ్లు పట్టి ఉంచుకుంటాను, లేదంటే తాగే ఆర్వో నీళ్లు. (ఆ మిషను పక్క గొట్టంలోంచి వదిలే నీళ్లు కాదు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.) రెండు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం, అంతే. ముందు మెత్తటి బ్రష్‌తో మట్టి దులిపి, తడిగుడ్డతో తుడిచి, పైనుంచి కిందికి వైపరు లాగుతాను. ప్రతిసారీ రబ్బరు అంచు తుడవాలి. ఎండ కిటికీ మీద పడకముందే పని అయిపోవాలి, వేడెక్కిన అద్దం మీద నీళ్లు వైపరు వెళ్లేలోపే ఆరిపోతాయి.

మగ్గం ఇప్పుడు లేదు. ఆ గుంత పూడ్చి బండలు పరిచాం. కిటికీ మాత్రం అదే. నాయనకు చూపు మందగించింది. నేను తుడిచి దిగగానే వచ్చి, చట్రం కిందిమూల, వైపరు అందని చోట, వేలు పెట్టి చూస్తాడు.

"కొసలు గుడ్డతో తుడిచినావా?"

"తుడిచినా నాయనా."

"ఇంకా తడి ఉంది చూడు," అంటూ పంచె కొస తీసి తానే తుడుస్తాడు.