నిగనిగల డాష్‌బోర్డు

కారులో గరుకు ప్లాస్టిక్ డాష్‌బోర్డు నిగనిగలాడాలని దాన్ని తయారుచేసినవాడు అనుకోలేదు. అనుకున్నది మనం. బెజవాడ ఆటోనగర్‌లో వాటర్ సర్వీసింగ్ షాపు నడుపుతున్నవాణ్ణి కాబట్టి ఈ మాట ధీమాగా చెప్పగలను. బండి కడిగి, లోపల తుడిచి, తాళాలు చేతికివ్వగానే ఓనరు చేసే మొదటి పని డాష్‌బోర్డు మీద చూపుడువేలు రాసి చూడటం. వేలు సర్రున జారి, కాస్త జిడ్డు అంటితే మొహం విప్పారుతుంది. అంటకపోతే, "ఏం తమ్ముడూ, పాలిష్ కొట్టలేదా?" అని నిష్ఠూరం. సందుల్లో మట్టి ఎంత ఓపిగ్గా తీసినా అది లెక్కలోకి రాదు.

ఈ మోజు మనకి అంబాసిడర్ రోజుల నుంచి అంటుకుందని నా నమ్మకం.

మా నాన్న అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. రైల్వేస్టేషన్ దగ్గర స్టాండు. ఆ బండి లోపల ప్లాస్టిక్కనేది వెతుక్కోవాల్సిందే. స్టీరింగు, దాని పక్కనుండే గేరు రాడ్డు చివరి గుండు, అద్దం దించే హ్యాండిల్ మీది గుండీ, ఇలాంటివే. డాష్‌బోర్డులో ఎక్కువ భాగం రేకు. బయటి బాడీకి ఉన్నట్టే దానికీ పెయింటు. పెయింటు వేసిన రేకుకి మైనం పాలిష్ పడితే మెరుస్తుంది, మెరవాలి కూడా. ఆ పొర చెమ్మ తగలనివ్వదు, తుప్పు రానివ్వదు. అందుకే నాన్న బాడీకి పాలిష్ పెట్టిన రోజున డబ్బా అడుగున మిగిలిందాన్ని బనియన్ వేస్టుకి అంటించి లోపలి రేకుకీ రుద్దేవాడు. రుద్దాక తల పక్కకి వంచి, వెలుగు ఎలా పడుతోందో చూసుకునేవాడు. మెరిసిందంటే బండి బాగున్నట్టే. అప్పట్లో ఆ లెక్క తప్పేమీ కాదు.

స్టీరింగు మాత్రం ఎండకి ఓడిపోయేది. చువ్వలు కలిసే చోట సన్నటి పగుళ్లు, వాటిలో చెమటా మట్టీ కలిసి నల్లటి గీతలు. టాక్సీవాళ్లు దాని మీద రంగురంగుల ప్లాస్టిక్ వైరు అల్లించేది అందుకే. ఎక్కినవాళ్ల కంటికి అది సోకు, నడిపేవాడికి అరచెయ్యి కోసుకోకుండా కట్టు. సర్కారు అంబాసిడర్లలో సీట్ల మీద తెల్ల టర్కీ తువ్వాళ్లు పరిచేది హోదా కోసమే అనుకుంటారు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండిలో రెక్సిన్ సీటు మీద ఒక్కసారి కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది.

1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి మారుతి 800 తాళాలు హర్‌పాల్ సింగ్ అనే ఆయన అందుకున్నారు. లోకమంతా ఆ బండి మైలేజీ గురించి మాట్లాడుకుంది. లోపల తుడిచేవాళ్లకి కనబడిన మార్పు వేరు. డాష్‌బోర్డు ప్లాస్టిక్. దాని మీద పెయింటు లేదు, రంగు ప్లాస్టిక్కులోనే కలిసి ఉంది. పైభాగం నున్నగా కూడా లేదు, చేత్తో తడిమితే తెలిసే సన్నటి గరుకు అచ్చు. మెరుపన్నదే లేదు.

నాన్న తోటి డ్రైవరు ఒకాయన, మేం బాబాయ్ అని పిలిచేవాళ్లం, కొన్నేళ్లకి టాక్సీ మానేసి ఒక డాక్టరు గారి మారుతి మీద చేరాడు. చేరిన వారానికి మా ఇంటికొచ్చి వాపోయాడు.

"కొత్త బండేరా అబ్బాయ్, కానీ లోపల కళే లేదు. బూడిద పూసినట్టుంది."

"పాలిష్ పెట్టకపోయావా?" అన్నాడు నాన్న.

"పెట్టా. గరుకులో తెల్లగా ఇరుక్కుపోయింది. మీ వదిన తలకి రాసుకునే కొబ్బరినూనె పెట్టి తీశా. అబ్బ, అప్పుడు చూడాలి దాని అందం!"

అలా కొబ్బరినూనె మొదలైంది. బాబాయ్ ఒక్కడే కనిపెట్టాడని కాదు, ఊరూరా ఎవరికి వారే కనిపెట్టుకున్నారు. రాసిన గంట సేపు నల్లగా, నిండుగా ఉంటుంది. సాయంత్రానికి ఆటోనగర్ లారీల దుమ్మంతా దాని మీదే. అసలు తమాషా సంక్రాంతి నెలలో జరిగింది. డాక్టరు గారు పొద్దున్నే తలుపు తీసేసరికి డాష్‌బోర్డు నిండా తెల్లటి మచ్చలు. బూజు పట్టిందని ఆయన కంగారుపడ్డారు. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. బెజవాడలో జనవరి రాత్రులు అంతకన్నా చల్లగా ఉంటాయి. గరుకు గుంటల్లోకి దిగిన నూనె అక్కడికక్కడే పేరుకుంది, అంతే. టూత్‌బ్రష్షు, సర్ఫు నీళ్లు పట్టుకుని గుంట గుంటా కడిగాడు బాబాయ్. ఆ వేసవిలో మాత్రం కారు ఎక్కితే చాలు, గుప్పుమని పాత నూనె వాసన.

ఆ గరుకు, ఆ మసక ఊరికే పెట్టినవి కావు. వాటి పుట్టుక తెలియాలంటే డెట్రాయిట్ దాకా వెళ్లాలి. 1930లలో అక్కడ క్లెయిర్ స్ట్రెయిత్ అనే ప్లాస్టిక్ సర్జన్ ఉండేవాడు. ప్రమాదంలో ముందు సీటువాళ్ల మొహాలు రేకు డాష్‌బోర్డుకి కొట్టుకుని చితికితే, వాటిని కుట్టి మళ్లీ మనిషి రూపం తేవడం ఆయన పని. పొడుచుకొచ్చిన బటన్లు, పదునైన అంచులు చేసిన గాయాలు చూసీ చూసీ కార్ల కంపెనీల వెంటపడ్డాడు. డాష్‌బోర్డుకి మెత్త వేయండి, బటన్లు లోపలికి దింపండి అని. క్రైస్లర్ కంపెనీ 1937 మోడళ్లలో ఆయన మాట కొంత విన్నది. మిగతా పరిశ్రమ విన్నట్టే విని ఊరుకుంది. 1965లో అమెరికన్ లాయరు రాల్ఫ్ నాడర్ 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' పుస్తకం రాసినప్పుడు మెరిసే డాష్‌బోర్డుల మీదా విరుచుకుపడ్డాడు. వాటి మీద పడిన ఎండ తిరిగి డ్రైవరు కళ్లలో కొడుతుందని కంపెనీలకి తెలిసీ సోకు మానలేదన్నది ఆయన ఫిర్యాదు. మరుసటి ఏడు అమెరికాలో వాహన భద్రత చట్టం వచ్చింది. తల తగిలితే దెబ్బ తగ్గేలా డాష్‌బోర్డు ఉండాలన్న నిబంధన 1968 నుంచి అమలైంది.

అంటే మసక డాష్‌బోర్డు వెనక కుట్లు పడిన మొహాలున్నాయి. మనం దాన్ని కళ లేనితనం అనుకున్నాం.

మెత్త మీద తొడుగుకి కార్ల కంపెనీలు ఎంచుకున్నది వినైల్, అంటే పీవీసీ. 1926లో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రబ్బరుని లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పెళుసుగా ఉండే పీవీసీని సాగేలా చేసే ఉపాయం పట్టాడు. ఆ మెత్తదనం పీవీసీ సొంతం కాదు, అందులో కలిపిన నూనెలాంటి ప్లాస్టిసైజర్‌ది. అది లోపల కట్టుబడి ఉండదు. వేడికి మెల్లగా బయటికొచ్చేస్తుంది. కొత్త కారు ముందు అద్దానికి లోపలివైపు పట్టే జిడ్డు పొరలో దాని వాటా పెద్దది. అది పోయిన కొద్దీ తొడుగు బిగుసుకుని, చివరికి పగులుతుంది. వేడి ఎంతంటారా? అరిజోనాలో పరిశోధకులు ఎండలో గంట సేపు కార్లు నిలిపి కొలిచిన లెక్కలు 2018లో ప్రచురించారు. డాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్, స్టీరింగు 53, సీట్లు 51. రోహిణి కార్తెలో మా షాపు ముందు నిలిపిన బండి డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టినవాళ్లకి ఈ అంకెలు వింతగా అనిపించవు.

చవక కార్ల డాష్‌బోర్డులు, తలుపు ప్యాడ్‌లు ఇప్పుడు ఎక్కువగా పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో జూలియో నట్టా దాన్ని తయారుచేశాడు, 1963లో నోబెల్ అందుకున్నాడు. దానికి ఏదీ తేలిగ్గా అతకదు. మరకా అంతగా పట్టదు, పాలిషూ నిలవదు.

నిలవని చోట నిలిపే ఉపాయం సిలికాన్. 1962లో జో పాల్చర్ అనే అమెరికన్ రసాయన నిపుణుడు రబ్బరు, ప్లాస్టిక్ ఎండకి పాడవకుండా ఒక ద్రవం తయారుచేశాడు. పదేళ్ల తర్వాత అలన్ రిపిన్‌స్కీ అనే వ్యాపారి దాన్ని కొని ఆర్మర్ ఆల్ అని పేరు పెట్టి ప్రపంచమంతా అమ్మాడు. ఆ బాటలో వచ్చిన తెల్లటి ద్రవాలే మా దగ్గరికీ చేరాయి. మొదట కంపెనీ సీసాల్లో, తర్వాత అయిదు లీటర్ల క్యాన్లలో లూజుగా. నీళ్లలో సిలికాన్ నూనె కలిపిందే అందులో ముఖ్య సరుకు. కొబ్బరినూనెలా గడ్డకట్టదు, కంపు కొట్టదు. ఖాళీ స్ప్రే బుడ్డిలో పోసి రెండుసార్లు కొట్టి గుడ్డతో లాగితే పదేళ్ల బండి షోరూమ్ నుంచి దిగినట్టుంటుంది. నేను అమ్మలేదా అంటే అమ్మాను, అమ్ముతున్నాను. అడిగినవాడికి లేదనను. కానీ అది సున్నం కొట్టిన గోడ సంగతి. పగుళ్లు కనబడవు గానీ మానవు.

దీంతో ఆటోనగర్‌లో ఒక కొత్త వైరం పుట్టింది. పెయింటర్లకి సిలికానంటే పడదు. దాని చుక్క ఒక్కటి గాలికి బాడీ రేకు మీద పడినా అక్కడ పెయింటు పరుచుకోదు, గుండ్రంగా విడిపోయి గుంట పడుతుంది. దాన్ని వాళ్లు 'ఫిష్ ఐ' అంటారు. మా పక్క షెడ్డు పెయింటరు గారు ఒకసారి డోరు పెయింటు కొట్టి, ఆ చుక్కలు చూసి, తడి గన్ను చేత్తో పట్టుకునే మా షాపులోకి వచ్చేశాడు. "నీ స్ప్రే గాలికి నా రోజు కూలి పోయిందయ్యా!" అని. అప్పట్నుంచి మా దగ్గర స్ప్రే నేరుగా డాష్‌బోర్డు మీద కొట్టరు. గుడ్డ మీద కొట్టుకుని, ఆ గుడ్డతో తుడుస్తారు. గుడ్డ కూడా బనియన్ వేస్టు కాదు, మైక్రోఫైబర్.

మళ్లీ ఎండ సంగతికి వస్తే, 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు కార్ల అద్దాలకి నల్ల ఫిల్ములు అతికించకూడదని తీర్పిచ్చింది. ఆ వేసవిలో మాకు ఫిల్ములు పీకే పనితోనే సరిపోయింది. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. పక్క అద్దాలకి ఆ పొర ఉండదు. ఫిల్ము పోయాక తలుపు ప్యాడ్‌లు, అందులోనూ రోజూ ఎండవైపు నిలిపే పక్కవి, ముందు వెలిశాయి. తీర్పు సబబైనదే. ప్లాస్టిక్కు మాత్రం దాని ఖర్చు భరించింది.

ఇక దసరా. ఆయుధపూజ మర్నాడు మా షాపుకొచ్చే బండ్లలో ఏయే మరకలుంటాయో నేను కళ్లు మూసుకుని చెప్పగలను. గరుకు అచ్చులోకి దిగిన పసుపు. ఏసీ గ్రిల్లు సందులో అగరుబత్తి గుచ్చితే కరిగి ముడుచుకున్న ప్లాస్టిక్. దేవుడి బొమ్మ కింద డబుల్ టేపు జిగురు. పసుపు మరక సబ్బుకి లొంగదు, ఎండకి లొంగుతుంది. పసుపులోని కర్కుమిన్ వెలుగు తగిలితే విరిగిపోతుంది. నాలుగు రోజులు ఎండలో నిలిపితే దానంతటదే పోయేదానికి జనం యాసిడ్ అడుగుతారు! కుంకుమ అలా కాదు. బజారు కుంకుమలో కృత్రిమ రంగు కలిస్తే ఒక పట్టాన పోదు. మరో చిత్రం, 1870లో అమెరికాలో హయట్ సోదరులు పేటెంటు తీసుకున్న సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్కుని కర్పూరం కలిపే తయారుచేశారు. ఆ కర్పూరాన్ని ఇప్పుడు ప్లాస్టిక్ డాష్‌బోర్డు మీద వెలిగించి మచ్చ చేసి తెస్తున్నారు.

బొమ్మల సంగతి మచ్చతో తీరేది కాదు. మనదేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరైంది, 2021 నుంచి పక్క సీటుకీ. ఆ రెండో బ్యాగు డాష్‌బోర్డు లోపలే, సరిగ్గా మనం వినాయకుణ్ణి అతికించే చోటుకి అటూ ఇటూగా ఉంటుంది. అది కన్ను మూసి తెరిచేలోపు విచ్చుకుంటుంది, మూత మీద ఏముంటే దాన్ని మొహం మీదకి విసురుతుంది. స్ట్రెయిత్ డాక్టరు లోపలికి దింపమన్న బటన్లని మనం బొమ్మల రూపంలో మళ్లీ తెచ్చి పెట్టుకుంటున్నాం.

కొత్త కార్లలో పియానో బ్లాక్ అని అద్దంలా మెరిసే నల్ల ప్లాస్టిక్ వేస్తున్నారు. అది చూసి మా కుర్రాళ్లు తల పట్టుకుంటారు. పొడి గుడ్డతో ఒక్కసారి రుద్దితే చాలు, వెలుగులో సన్నటి గీతలు. వేలిముద్ర పడని రోజుండదు. మెరుపు వద్దని పోరినవాళ్ల తర్వాతి తరం మెరుపునే డబ్బిచ్చి కొంటోంది.

ఈ దసరాకి బండి పూజ చేయించేవాళ్లకి నా మనవి. పసుపూ కుంకుమా బయట బానెట్ మీద పెట్టుకోండి, అగరుబత్తి నిమ్మకాయకి గుచ్చి కింద పెట్టండి. ఎయిర్‌బ్యాగని రాసి ఉన్న చోట బొమ్మ అతికించకండి. డాష్‌బోర్డుకి షాంపూ రెండు చుక్కలు కలిపిన నీళ్లలో పిండిన గుడ్డ, ఆ వెంటనే పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. ఎండలో నిలిపితే ముందు అద్దానికి అట్ట అడ్డం పెట్టండి, ఏ పాలిష్ కన్నా అదే నయం. పాలిష్ కావాల్సిందేనంటే మ్యాట్ అని రాసి ఉన్నది అడగండి. స్టీరింగుకీ గేరు రాడ్డుకీ పెడళ్లకీ మాత్రం ఎవర్నీ వేయనివ్వకండి. మా షాపు కుర్రాడే వేస్తానన్నా సరే, వద్దనండి.