ముంపు నేలల్లో తేనెటీగల పెంపకం: వరదకన్నా తేమ, ఆకలే అసలు శత్రువులు

జంషెడ్‌పూర్ నగరంలోని సిద్ధగోరా సువర్ణరేఖ నదికి చేరువలో ఉన్న ప్రాంతం. వానాకాలంలో ఎగువనున్న చాండిల్ జలాశయం గేట్లు ఎత్తినప్పుడు నగరంలో నది ఒడ్డునున్న పల్లపు బస్తీలలోకి నీరు చేరుతుంటుంది. ఇటువంటి తీరాలు తేనెటీగలకు మంచి మేత స్థలాలు కూడా. కానుగ, నేరేడు, తెల్లమద్ది వంటి మకరందం గల చెట్లు తేమ నేలల్లో బాగా పెరుగుతాయి. అయితే మేతనిచ్చే ఆ తడే తేనెపెట్టెలను దెబ్బతీయగలదు. కొద్దిపాటి పెట్టెలతో జీవనోపాధి పొందే కుటుంబానికి ఒక్క వానాకాలపు నష్టం కొన్నేళ్ల పొదుపుతో సమానం.

నష్టం జరిగే తీరు

పెట్టె పూర్తిగా మునిగితే ఈగలు బతకవు. అయితే నీరు పెట్టెను తాకకపోయినా నష్టం తప్పకపోవచ్చు. ఎడతెరిపి లేని వానలో ఈగలు మేతకు వెళ్లలేవు. పూలలోని మకరందం కొట్టుకుపోతుంది. నిల్వ తేనె తరిగిపోయాక ఐరోపా జాతి ఈగలు ఆకలితో చనిపోతాయి. దేశవాళీ పుట్ట తేనెటీగలు గూడునే విడిచి వెళ్లిపోతాయి. ఈగల సంఖ్య తగ్గిన పట్టులను మైనపు పురుగు ఆక్రమిస్తుంది.

తేమ రెండో సమస్య. సంతాన గదిలో ఉష్ణోగ్రతను ఈగలు 34 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుకొంటాయి. పెట్టె చెమ్మగిల్లితే ఆ శ్రమ పెరుగుతుంది, బూజు పడుతుంది. తేనెలోని నీరు కూడా త్వరగా ఆరదు. దేశీయ ఆహార ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించరాదు. మించితే పులిసిపోయే అవకాశం ఉంటుంది. కాబట్టి తడి ప్రాంతాలలో మైనపు మూత పడిన పట్ల నుంచే తేనె తీయడం ముఖ్యం.

స్థలం, పీఠం, గాలి

స్థలాన్ని ఎంచుకునే ముందు గతంలో వరద ఎంత ఎత్తుకు వచ్చిందో స్థానికులను అడిగి తెలుసుకోవాలి. ఆ గుర్తుకు పైన, ప్రవాహం నేరుగా తాకని చోట పెట్టెలు ఉంచాలి. మామూలు ఇనుప స్టాండు సరిపోని చోట బలమైన గుంజలపై వేదిక కట్టి, గాలికి దొర్లకుండా పెట్టెలను తాళ్లతో బిగించాలి. పెట్టెను ముందుకు కొద్దిగా వాల్చితే లోపల చేరిన నీరు బయటకు జారుతుంది. ద్వారం తూర్పు ముఖంగా ఉంటే ఉదయపు ఎండ పడుతుంది. పైమూత కింద జాలీ అమర్చిన గాలి రంధ్రాలు ఉండాలి. చీమలను ఆపే నీటి గిన్నెలు స్టాండు కాళ్ల కింద వరద రోజుల్లోనూ అవసరమే, నేల మునిగినప్పుడు చీమలు కూడా ఎత్తుకే చేరతాయి.

మేత లేని వారాలలో చక్కెర, నీరు సమపాళ్లలో కలిపిన పాకాన్ని సాయంత్రం వేళ పెట్టె లోపలే అందించాలి. పగటిపూట బయట పెడితే ఇతర పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి.

తరలింపు

పంటకు లేని సౌలభ్యం తేనెపెట్టెకు ఉంది: దానిని ఎత్తుకుపోవచ్చు. మేతకు వెళ్లిన ఈగలు సాయంత్రానికి తిరిగి వచ్చాక ద్వారానికి జాలీ బిగించి, రాత్రి వేళ తరలిస్తారు. ఈగలు సాధారణంగా రెండు మూడు కిలోమీటర్ల పరిధిలో మేస్తూ దారిని గుర్తుంచుకుంటాయి. కొత్త చోటు ఆ పరిధిలోనే ఉంటే చాలా ఈగలు పాత స్థలానికే వెళ్లి నశిస్తాయి. దూరం తీసుకెళ్లడం వీలుకాకపోతే ద్వారం ముందు ఆకుల కొమ్మ అడ్డుపెట్టాలి. అప్పుడు అవి బయటకు రాగానే కొత్త చోటును గుర్తుపడతాయి.

వరద నీరు సోకిన తేనెను అమ్మరాదు, తినరాదు. తడిసిన పట్లను తొలగించి, పెట్టెను కడిగి ఎండలో ఆరబెట్టాకే మళ్లీ వాడాలి.

ఇతర చిత్తడి ప్రాంతాలు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో అపలాచికోలా నది చిత్తడుల్లో టుపెలో చెట్లు వసంతంలో కొద్ది వారాలే పూస్తాయి. అక్కడి పెంపకందారులు నీటికి పైన కట్టిన వేదికలపై పెట్టెలు ఉంచి ఆ తేనెను సేకరిస్తారు. ఫ్రక్టోజ్ అధికంగా ఉండటంతో అది త్వరగా గడ్డకట్టదు.

పశ్చిమ బెంగాల్‌లోని సుందర్‌బన్స్‌లో కొండ తేనెటీగల పట్ల కోసం మౌలీలు పులులు తిరిగే మడ అడవుల్లోకి వెళ్తారు. ఏటా ప్రాణనష్టం ముప్పు వెంటాడే ఈ వృత్తికి ప్రత్యామ్నాయంగా అక్కడి అటవీ శాఖ పెట్టెల పెంపకాన్ని ప్రోత్సహించింది. సుందర్‌బన్స్ తేనెకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఏడాది పొడవునా పూల బాట

ఝార్ఖండ్‌లో పూల రుతువులు తరలింపుకు అనువైనవి. వేసవిలో కానుగ, వానలు వెళ్లాక మెట్టనేలల్లో సుర్గుజా, చలికాలంలో ఆవ పూస్తాయి. అరకు లోయను పసుపు రంగుతో నింపే వలిసె పంటనే ఇక్కడ సుర్గుజా అంటారు. నదీతీరంలోని కానుగ పూత ముగిశాక పెట్టెలను మెట్టకు చేరిస్తే, ముంపు కాలం తప్పుతుంది, తదుపరి మేత కూడా చేరువవుతుంది.

కేంద్రం 2020లో ప్రకటించిన రూ. 500 కోట్ల జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్ అమలు బాధ్యతను జాతీయ తేనెటీగల బోర్డుకు అప్పగించారు. పెంపకందారుల నమోదుకు 2021లో మధుక్రాంతి పోర్టల్ ప్రారంభమైంది. ముంపు ప్రాంతాల వారికి శిక్షణతో పాటు మెట్టన పెట్టెలు ఉంచే చోటు, వాహనం కూడా కావాలి. ఈ ఏర్పాటు మే నెలలోనే పూర్తి కావాలి. గేట్లు ఎత్తిన రాత్రి చోటు వెతకడం మొదలుపెడితే ఆలస్యమవుతుంది.