ఎల్లారెడ్డి: ఊరా, మనిషా?

ఎల్లారెడ్డి అని సెర్చ్‌లో కొడితే యంత్రం ముందు పెద్ద చిక్కే ఉంటుంది. అది మనిషి పేరా? కామారెడ్డి జిల్లాలో పట్టణమా, మండలమా, రెవెన్యూ డివిజనా, అసెంబ్లీ నియోజకవర్గమా? హైదరాబాద్‌లో అమీర్‌పేట పక్కనున్న ఎల్లారెడ్డిగూడానా? రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేటా? బస్టాండులో నిలబడి "ఎల్లారెడ్డి బస్సు ఎన్నింటికి?" అని అడిగితే ఎవరికీ ఈ అనుమానాలు రావు. యంత్రానికి ఆ బస్టాండు లేదు.

దానికో బస్టాండు కట్టిచ్చే ప్రయత్నమే స్ట్రక్చర్డ్ డేటా. పేజీలో పాఠకుడికి కనిపించే వాక్యాల వెనక, యంత్రం చదువుకోడానికి కొన్ని లేబుళ్ళు పెడతాం: ఇది స్థలం, మనిషి కాదు, ఫలానా జిల్లాలో ఉంది, దీనికి ఇంకో పేరు ఇది, ఈ వ్యాసం తెలుగులో ఉంది, రాసినవారు వీరు. ఈ లేబుళ్ళ పదజాలాన్ని 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ కలిసి స్కీమా డాట్ ఆర్గ్ పేరుతో ప్రకటించాయి. దాని వెనకున్న ముఖ్యుల్లో ఒకరు మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహ. లేబుళ్ళు పెట్టినంత మాత్రాన పేజీ మొదటి స్థానానికి ఎగబాకదు. పేజీ దేని గురించో యంత్రం ఊహించుకునే అవసరం మాత్రం తగ్గుతుంది.

నా ఉద్యోగంలో ఇది అలవాటైన పనే. కానీ దీన్ని పదిహేనేళ్ళనాటి కొత్త సంగతిగా చూడటం నాకు సరిగ్గా అనిపించదు. ఈ రెండు ఊళ్ళనీ లేబుళ్ళలో పెట్టే పని వందేళ్ళ పైనుంచే జరుగుతోంది.

1908 ప్రాంతంలో వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా తీసి చూడండి. నిజామాబాద్ జిల్లా కింద కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అని రెండు తాలూకాలు కనిపిస్తాయి. అవును, అప్పట్లో రెండింటికీ చివర "పేట" ఉంది. ఇక ఆ తాలూకాల గురించి రాసిన తీరు చూస్తే, ఫారం నింపినట్టే ఉంటుంది: విస్తీర్ణం ఇంత, 1901 జనాభా ఇంత, ఊళ్ళు ఇన్ని, వాటిలో జాగీరు ఊళ్ళు ఇన్ని, భూమి శిస్తు ఇంత. ఏ తాలూకా తీసినా దాదాపు అవే గడులు, అదే వరస. ఇవాళ తెలుగు వికీపీడియాలో ఊరి వ్యాసానికి కుడిపక్కన కనిపించే సమాచారపెట్టెకి ఇది తాత లాంటిది.

గడులు ఎవరు గీశారన్నది ఇక్కడ ముఖ్యం. గెజిటీర్‌కి కావలసింది శిస్తు, అందుకే శిస్తుకి గడి ఉంది. ఆ తాలూకాలో ఎవరు ఏం రాశారన్నదానికి గడి లేదు. దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశంలో మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్ర రాసిన కవి. కామారెడ్డి, ఎల్లారెడ్డి పేర్లు కూడా ఆ వంశంవాళ్ళ పేర్ల మీదే వచ్చాయని అటువైపు చెప్పుకుంటారు. అదే నిజమైతే "ఊరా, మనిషా?" అన్న మన ప్రశ్నకి జవాబు "రెండూ" అవుతుంది. శిస్తు గడిలో ఈ కథ పట్టదు.

గడి లేకపోతే ఏమవుతుందో తెలంగాణకి బాగా తెలుసు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి పుట్టినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి దానికి వాదనతో జవాబు చెప్పి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ కవుల పద్యాలూ వివరాలూ సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులు. దాన్ని సాహిత్య సంకలనంగానే చదువుతాం. నాకు మాత్రం అది, సర్కారు గీయని గడిని ఒక పత్రికా సంపాదకుడు తనే గీసి నింపిన పట్టికలా కూడా కనిపిస్తుంది. నమోదు కానిది లేనట్టే అనుకునే లోకంలో నమోదు చేయడమే ఆయన జవాబు.

పేర్ల తికమక మీద ఇంకో పాత పరిష్కారం మన ఉత్తరాల మీదే ఉంది. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. ఒకే పేరున్న ఊళ్ళు, ఒక్కో భాషలో ఒక్కో స్పెల్లింగు, తప్పు చిరునామాలు: దాన్ని తెచ్చిన కారణాలివి. రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. కామారెడ్డి 503111, ఎల్లారెడ్డి 503122. ఎల్లారెడ్డిపేట 505తో మొదలవుతుంది, ఎల్లారెడ్డిగూడ 500తో. పేరు చేయలేని పనిని అంకె చేసింది. 2012లో మొదలైన వికీడేటా ప్రతి ఊరికీ, మనిషికీ, పుస్తకానికీ ఒక సంఖ్య ఇవ్వడం వెనకున్నదీ ఇదే ఆలోచన.

అయితే గడిలో ఒకసారి పడ్డ మాట అంత తొందరగా కదలదు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి వేరే జిల్లా అయింది. పిన్ కోడ్‌లో 503 అలాగే ఉంది. మంజీర మీద 1923-31 మధ్య కట్టిన నిజాంసాగర్ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలోది, పాత పేజీల్లో నిజామాబాద్ జిల్లాలోది. పాత పేజీ అబద్ధం కాదు. అది రాసిన రోజుకి నిజమే. "ఎప్పటి నుంచి ఎప్పటి వరకు" అన్న గడి కూడా ఉంటేనే యంత్రం ఈ రెండిట్నీ కలిపి అర్థం చేసుకోగలదు. వికీడేటాలో ఆ గడి ఉంది. నింపేవాళ్ళే తక్కువ.

తెలుగు సాహిత్యం దగ్గరికొస్తే పరిస్థితి ఇంకా పలచన. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. పేర్లు మాత్రం ఇంగ్లీషు లిపిలో, తోచిన స్పెల్లింగులతో ఎక్కించారు. పుస్తకం ఉంది, తెలుగులో వెతికితే దొరకదు. ఆ జాబితాని తెలుగు లిపిలోకి మార్చే పనికి తెలుగు వికీపీడియన్లు పూనుకున్నారు. పుస్తకానికి సరైన పేరు రాయడం గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ, ఆ పుస్తకానికి ఇంకో పాఠకుడు దొరుకుతాడా లేదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు గెజిటీర్ పాత్రని సెర్చ్ ఇంజన్లు పోషిస్తున్నాయి. వాటి గడుల్లో హోటలుకి రేటింగు ఉంటుంది, వస్తువుకి ధర ఉంటుంది. వాటి వ్యాపారానికి కావలసినవి అవి. కవికి, పుస్తకానికి, ఊరికి, ఊరి మారుపేరుకి కూడా గడులున్నాయి, కానీ వాటిని వాళ్ళొచ్చి నింపరు. వెబ్ పత్రికలు నడిపేవాళ్ళూ, బ్లాగులు రాసేవాళ్ళూ నింపాలి. రచయిత పేరు తెలుగులో ఒక్క తీరుగా, ఇంగ్లీషు స్పెల్లింగులు మారుపేర్లుగా, ఊరు జిల్లాతో సహా, వ్యాసం భాష తెలుగు అని. ఒక్కో పేజీకి పది నిమిషాల పని. ప్రతాపరెడ్డికి ఉత్తరాలతో పట్టిన శ్రమతో పోలిస్తే ఇదేపాటి?