అండమాన్ జలాల్లో శీతకాలపు గాలం.. పట్టిన చేపను వదిలితేనే పదికాలాల వేట

విశాఖపట్నం: బంగాళాఖాతానికి ఆవలి అంచున ఉన్న అండమాన్ దీవుల్లో డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు మరో రకం చేపల వేట సాగుతుంది. ఇందులో వల ఉండదు. మంచుపెట్టెలు నింపుకొని రావాలన్న ఆరాటమూ ఉండదు. ఒక గాలపు కర్ర, ఒక కృత్రిమ ఎర, నీటి తీరు తెలిసిన ఒక మార్గదర్శి ఉంటే చాలు. పట్టిన చేపల్లో అధిక భాగాన్ని ప్రాణంతో తిరిగి సముద్రంలోకి విడిచిపెట్టడం ఈ వేటలో పాటించే మర్యాద. దేశ విదేశాల గాలపు వేటగాళ్లను ఆకర్షిస్తున్న ఈ యాత్రలకు మన తీరంతో సంబంధం ఉన్నది. దీవుల్లో చేపల వేటను జీవనంగా చేసుకున్నవారిలో శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. ఈ యాత్రల తీరుతెన్నులు, వాటికి వర్తించే నిబంధనలు, వెళ్లేవారు తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

శీతకాలమే ఎందుకు?

అండమాన్‌కు రెండు రుతుపవనాల వర్షమూ ఉన్నది. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలుల ధాటికి దీవుల పడమటి వైపు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో పాటు తుపానుల భయమూ ఉంటుంది. డిసెంబరు మధ్య నుంచి గాలి క్రమంగా తగ్గుముఖం పడుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు అనేక దినాలు సముద్రం నిలకడగా ఉండి, చిన్న పడవ సైతం పగడపు దిబ్బల అంచుకు చేరగలుగుతుంది. ఉత్తర భారతం చలికి వణికే రోజుల్లోనూ ఇక్కడి ఉపరితల జలాల ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల ఉష్ణజలాల చేపలు చలికాలంలోనూ చురుకుగా ఎరను వెంబడిస్తాయి. అంటే శీతకాలాన్ని ఎంచుకోవడానికి కారణం చేపకన్నా గాలి. చేప ఏడాది పొడవునా ఉంటుంది. దాని దగ్గరకు క్షేమంగా వెళ్లి రాగల రోజులే తక్కువ.

దీవుల చుట్టూ లోతు

అండమాన్ నికోబార్‌లో 800కు పైగా దీవులు, దిబ్బలు, రాతిగుట్టలు ఉన్నాయి. వీటి వలన దేశానికి సంక్రమించిన ప్రత్యేక ఆర్థిక మండలి విస్తీర్ణం సుమారు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. దీవులు సముద్రగర్భంలోని పర్వత శ్రేణికి పైకి తేలిన శిఖరాలు. కనుక అనేక చోట్ల ఒడ్డు విడిచిన కొద్ది దూరానికే నీరు వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. పోటు, పాటు సమయాల్లో ప్రవాహం ఈ నిటారు అంచులను ఒరుసుకొని పైకి లేస్తుంది. ఆ ప్రవాహంలో కొట్టుకువచ్చే చిన్న చేపల కోసం పెద్ద చేపలు కాపు వేస్తాయి. అమావాస్య, పౌర్ణమి సమీపించినప్పుడు పోటుపాట్ల మధ్య తేడా పెరిగి ప్రవాహం బలపడుతుంది. అనుభవజ్ఞుడైన మార్గదర్శి యాత్ర తేదీలను తిథిని చూసి సూచించడానికి హేతువు ఇదే.

ప్రధాన ఆకర్షణ ‘పార’

మన తీరంలో పార అని పిలిచే చేపల కుటుంబంలో అతి పెద్దది జెయింట్ ట్రెవల్లీ. వేటగాళ్లు దీనిని ‘జీటీ’ అని క్లుప్తంగా పిలుస్తారు. పిల్ల దశలో నదీముఖాల్లో, మడ అడవుల నీటిలో పెరిగి, పెద్దయ్యాక పగడపు దిబ్బల అంచులకు చేరుతుంది. మీటరున్నరకు పైగా పొడవు పెరగగలదు. అంతర్జాతీయ గాలపు వేట రికార్డుల్లో నమోదైన అతి పెద్ద జీటీ 2006లో జపాన్ జలాల్లో పట్టుబడింది. దాని బరువు 72.8 కిలోలు. అండమాన్‌లో 20, 30 కిలోల చేప చిక్కినా వేటగాడు యాత్ర ఫలించినట్లే భావిస్తాడు. గాలం తగలగానే ఈ చేప సూటిగా పగడపు రాళ్లలోకి దూసుకుపోతుంది. దారం రాతికి ఒరిస్తే తెగిపోవడం ఖాయం. మొదటి అరనిమిషంలో దానిని నిలువరించడమే అసలు పోరాటం.

జీటీతో పాటు సూర జాతికి చెందిన డాగ్‌టూత్ ట్యూనా, పసుపు రెక్కల ట్యూనా, విశాఖ తీరంలో కొమ్ముకోనంగా పరిచితమైన సెయిల్‌ఫిష్, వాహూ, వంజరం, బరాకుడా, పలు రకాల గ్రూపర్లు ఈ జలాల్లో లభిస్తాయి.

వేట విధానాలు మూడు

మొదటిది పాపింగ్. ముందు భాగం గుంటగా ఉన్న తేలే ఎరను దిబ్బ అంచుకు విసిరి, కర్రను బలంగా గుంజుతూ వెనక్కు లాగుతారు. ఎర నీటిని చిమ్ముతూ చేసే చప్పుడుకు జీటీ పైకి వస్తుంది. బరువైన కర్రతో వేడి ఎండలో రోజుకు వందల సార్లు ఎర విసరవలసి ఉంటుంది కనుక ఇది శరీరానికి శ్రమతో కూడిన పని. రెండవది జిగ్గింగ్. లోహపు ఎరను అడుగు వరకు దించి, కుదుపుతూ పైకి లాగుతారు. డాగ్‌టూత్ ట్యూనా, గ్రూపర్ వంటి చేపలు దీనికి చిక్కుతాయి. మూడవది ట్రోలింగ్. పడవ నడుస్తుండగా వెనుక ఎరలను లాగుతూ పోవడం. సెయిల్‌ఫిష్, వాహూ, ట్యూనాలకు ఇది అనువైనది. కొత్తవారు ట్రోలింగ్‌తో ఆరంభించడం మేలు.

యాత్ర ఎలా సాగుతుంది?

యాత్రలకు ప్రధాన కేంద్రం పోర్ట్‌బ్లెయిర్. 2024లో దీని పేరును శ్రీ విజయపురంగా మార్చారు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్ నుంచి కూడా పడవలు బయలుదేరుతాయి. సాధారణంగా ఒక పడవలో ఇద్దరు ముగ్గురు వేటగాళ్లు, ఒక సరంగు, ఒక మార్గదర్శి ఉంటారు. ఎర విసరడానికి చోటు కావాలి కనుక ఎక్కువ మందిని ఎక్కించడం క్షేమం కాదు. తెల్లవారుజామున బయలుదేరి, పొద్దు గుంకేలోగా తీరం చేరుతారు. అద్దె పడవ లెక్కన రోజుకు ఇంత అని ఉంటుంది. ఇంధనం, ఆహారం, కర్ర, రీలు, ఎరల అద్దె అందులో కలిసి ఉన్నాయో లేదో ముందే తేల్చుకోవాలి.

మార్గదర్శి పని చేప ఉన్న చోటు చూపడంతో ముగియదు. ఆ రోజు వెళ్లవచ్చునా, ఎంతదూరం వెళ్లవచ్చును, ఎప్పుడు తిరుగుముఖం పట్టాలి అన్నవి అతడే నిర్ణయించాలి. డబ్బు చెల్లించిన అతిథి ఇంకొక గంట ఉందామన్నప్పుడు కాదనగలవాడే నిజమైన మార్గదర్శి. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, అలల ఎత్తు, గాలి వేగం, ఉప్పెన హెచ్చరికలను ప్రకటిస్తుంది. వాతావరణ శాఖ సూచనలతో పాటు వీటిని చూడకుండా పడవ విప్పరాదు.

దాటరాని గీతలు

అండమాన్ జలాల్లో అన్ని చోట్లా గాలం వేయడానికి వీలులేదు. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనం వండూరు సమీపంలోని 15 దీవులను కలుపుకొని సుమారు 281 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నది. 1996లో ఏర్పడిన రాణి ఝాన్సీ సముద్ర జాతీయ వనం స్వరాజ్ ద్వీప్‌కు చేరువలోని దీవుల్లో ఉన్నది. ఈ వనాల్లో చేపల వేట నిషిద్ధం.

ఆదిమ తెగల రక్షిత ప్రాంతాల విషయం ఇంకా కఠినమైనది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన ప్రకారం జారవా, సెంటినలీ తదితర తెగల ప్రాంతాల్లోకి ప్రవేశించడం నేరం. ఉత్తర సెంటినల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 9 కిలోమీటర్ల సముద్రం కూడా నిషిద్ధ పరిధిలోనే ఉన్నది. 2006లో ఆ దీవి ఒడ్డుకు పడవ కొట్టుకుపోయిన ఇద్దరు మత్స్యకారులు తెగవారి చేతిలో మరణించారు. 2018 నవంబరులో ఒక అమెరికన్ యాత్రికుడు అక్కడ హతుడు కాగా, అతడిని దీవి దగ్గరకు చేర్చిన మత్స్యకారులు అరెస్టయ్యారు. డబ్బు తీసుకొని గీత దాటించిన పడవవాడే చివరకు చట్టం ముందు నిలబడవలసి వస్తుందని ఆ ఉదంతం తెలుపుతున్నది. బయటివారి రాకతో సోకే సాధారణ జ్వరం కూడా ఆ తెగవారికి ప్రాణాంతకం కాగలదు. కనుక ఈ నిషేధం ఇరువైపులా ప్రాణాలను కాపాడేదే.

నగరానికి ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న బ్యారన్ దీవి దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం. అంత దూరం పోవాలంటే పెద్ద పడవ, అనుమతులు, పలు రోజుల వ్యవధి అవసరం.

వదలడం ఒక విద్య

చేపను విడిచిపెట్టినంత మాత్రాన అది బతుకుతుందన్న భరోసా లేదు. పోరాటం ఎంత సాగితే చేప కండరాల్లో ఆమ్లం అంత పేరుకుంటుంది. అలసిన చేపను వదిలినా సొరచేపల వాత పడవచ్చు, లేక కొన్ని గంటల్లో మరణించవచ్చు. సన్నని దారంతో గంటసేపు ఆడించడం గొప్ప కాదు. తగినంత బలమైన దారంతో త్వరగా దగ్గరకు తెచ్చుకోవడమే సరైన పద్ధతి. మూడు కొక్కేల గాలానికి బదులు ఒంటి కొక్కెం వాడాలి. కొక్కెం మీది ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేస్తే గాయం తగ్గుతుంది, విప్పడమూ సులభమవుతుంది.

చేపను తోకతో వేలాడదీయకూడదు. ఒక చేత్తో తోక మొదలు పట్టి, రెండవ చేతిని పొట్ట కింద ఉంచి అడ్డంగా ఎత్తాలి. మొప్పల్లో వేళ్లు పెట్టరాదు. పొడి గుడ్డతో తాకితే ఒంటి మీది జిగురు పొర చెదిరి వ్యాధులు సోకుతాయి. కొలత, ఛాయాచిత్రం అన్నీ అరనిమిషంలో ముగించాలి. లోతు నుంచి వేగంగా పైకి తెచ్చిన గ్రూపర్‌కు గాలితిత్తి ఉబ్బి, అది తిరిగి కిందకు పోలేదు. అటువంటి చేపను వదలడం పేరుకే. అందుచేత తినడానికి సరిపడా ఒకటి రెండు దొరకగానే ఆ చోట లోతు వేట ఆపివేయడం మంచిది.

తినే విషయంలోనూ జాగ్రత్త అవసరం. పగడపు దిబ్బల మీది భారీ వేటచేపల దేహంలో సిగ్వాటెరా అనే విషం పేరుకొనే అవకాశం ఉన్నది. ఉడికించినా, వేయించినా ఆ విషం పోదు. భోజనానికి వంజరం, చిన్న ట్యూనా వంటివి ఉంచుకొని పెద్ద జీటీని వదలడం ఆరోగ్యరీత్యా కూడా సమంజసం.

మత్స్యకారునికి ఏమి మేలు?

బజారుకు చేరిన పార చేప కిలోల లెక్కన ఒక్కసారే అమ్ముడవుతుంది. క్షేమంగా వదిలిన చేప మరుసటి ఏడాది మరో వేటగాడిని అదే దిబ్బకు రప్పిస్తుంది. సరంగుకు, మార్గదర్శికి, ఇంజను మరమ్మతు చేసేవారికి, వసతి గృహానికి, వంటవారికి దాని మీద మళ్లీ పని దొరుకుతుంది. తరతరాలుగా ప్రవాహాన్నీ రాతిగుట్టల ఉనికినీ ఎరిగిన మత్స్యకారునికి ఈ పనిలో సహజమైన అర్హత ఉన్నది. అయితే అంతటితో సరిపోదు. శక్తివంతమైన ఇంజన్లు, రేడియో, వేట పరికరాలకు పెట్టుబడి అధికం. హిందీ, ఇంగ్లిషు మాట్లాడగలగాలి. ప్రథమ చికిత్స తెలియాలి. పని అయిదు నెలలకే పరిమితం. పెట్టుబడి వేరొకరిదై, నీటి జ్ఞానం మాత్రమే మత్స్యకారునిదైనప్పుడు రాబడిలో అతని వాటా కూలి స్థాయిలోనే ఉండిపోతుంది. శిక్షణ, రుణ సదుపాయం కలిసినప్పుడే ఇది అతనికి నిలకడైన రెండవ ఉపాధి కాగలదు.

వెళ్లదలచినవారికి సూచనలు

* చెన్నై, కోల్‌కతాల నుంచి విమానాలున్నాయి. విశాఖ నుంచి ఓడ ప్రయాణానికి సుమారు మూడు రోజులు పడుతుంది. ఓడ తేదీలు ముందుగా తెలుసుకోవాలి.

* పడవ రిజిస్ట్రేషను, నిర్వాహకుని అనుమతి పత్రాలు చూపమని అడగాలి. చూపడానికి తటపటాయించేవారితో వెళ్లరాదు.

* రెండు ఇంజన్లు, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, పనిచేసే వీహెచ్ఎఫ్ రేడియో, తగినంత మంచినీరు ఉన్నాయో లేదో బయలుదేరక ముందే చూసుకోవాలి.

* సముద్రంలో ఆపద సంభవిస్తే తీర రక్షక దళాన్ని 1554 నంబరులో పిలవవచ్చు. రేడియోలో 16వ చానల్ అత్యవసర సందేశాలకు కేటాయించినది.

* అనుమతి లేని శాటిలైట్ ఫోను తీసుకుపోవడం నేరం. విదేశాల నుంచి వచ్చే తెలుగువారు ఈ సంగతి ప్రత్యేకంగా గమనించాలి.

* పొడుగు చేతుల చొక్కా, టోపీ, నల్ల కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కళ్లద్దాలు ఎండకే కాక, ఎగిరివచ్చే గాలం నుంచి కంటిని కాపాడటానికి కూడా.

* మడ అడవుల కాలువల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. అక్కడ నీటిలోకి దిగరాదు.

* పగడాలు, గవ్వలు, సముద్రపు దోసకాయలు ఏరుకొని రాకూడదు. వీటిలో అనేకం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనివి.

* వాతావరణం కారణంగా ఒకటి రెండు రోజులు పడవ కదలకపోవచ్చు. తిరుగు ప్రయాణానికి ఆ మేరకు వ్యవధి ఉంచుకోవాలి. ఆ దినాలకు అద్దె వాపసు ఇచ్చేదీ లేనిదీ ముందుగానే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.